నర్సా, ఆయానా, హోమా? పెద్దవాళ్లకు ఏ సాయం ఎందుకు

హాస్పిటల్ నుంచి ఇంటికి పంపించే రోజు డాక్టర్ గారు ఒక మాట అన్నారు: "చూసుకోవడానికి ఎవరినైనా పెట్టుకోండి." మేం తలూపాం. ఆ "ఎవరినైనా" అన్న మాట వెనక ఎన్ని రకాల మనుషులు, ఎన్ని రకాల పనులు ఉన్నాయో అప్పుడు మాకు తెలీదు.

అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆపరేషన్ కదా, నర్సు ఉంటే మంచిదనుకున్నాం. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒకామెను మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయి పనిమంతురాలు. బీపీ చూసేది, షుగర్ చూసేది, చార్టులో రాసేది. కానీ కుట్లు అప్పటికే తీసేశారు, గాయం మానిపోయింది. రోజులో ఎక్కువసేపు ఆమెకు చేయడానికి పనే ఉండేది కాదు. ఇరవై రోజులు తిరక్కుండానే, తెల్లవారుజామున మూడింటికి బాత్రూమ్‌కి వెళ్తూ అమ్మ మళ్లీ పడిపోయింది. ఎముక విరగలేదు కాబట్టి బతికిపోయాం.

ఆ తర్వాత వారం ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్ట్ మమ్మల్ని ఒకటే అడిగాడు. "రోజు మొత్తంలో ఆవిడకు ఏ టైంలో, ఏ పనికి మనిషి కావాల్సి వస్తోంది?" ఇంట్లో ముగ్గురం ఉన్నాం, ఒక్కరం కూడా సరిగ్గా చెప్పలేకపోయాం. ఒక నోట్‌బుక్ పెట్టి ఏడు రోజులు రాయమన్నాడు. రాశాం. అందులో ఒక పేజీ ఇలా ఉంది:

పొద్దున 6:10, మంచం మీంచి లేవడానికి చెయ్యి ఇచ్చాను. 6:25, కమోడ్ మీంచి లేవలేక పిలిచింది. 8:00, స్నానం. కుర్చీలో కూర్చోబెడితే నీళ్లు తనే పోసుకుంది, వీపు, పాదాలు నేను కడిగాను. 8:20, హుక్కులు పెట్టుకోలేకపోయింది. 9:00, రాత్రి వేసుకోవాల్సిన మాత్ర పొద్దున తీసింది, చూసి మార్పించాను. ఆ తర్వాత సాయంత్రం దాకా పేజీ ఖాళీ. రాత్రి 10:40, బాత్రూమ్. 1:15, బాత్రూమ్. 3:30, బాత్రూమ్.

ఏడు పేజీలూ దాదాపు ఇలాగే ఉన్నాయి. నర్సు చదువు చదివిన మనిషి తప్పనిసరిగా ఉండాల్సిన పని ఒక్కటీ కనిపించలేదు. చెయ్యి పట్టుకునే మనిషి మాత్రం పొద్దున దాదాపు మూడు గంటలు, రాత్రి మొత్తం కావాలి. మేం పగలంతా నర్సును కూర్చోబెట్టి, రాత్రి అమ్మను ఒంటరిగా నడిపించాం.

పెద్దవాళ్ల కోసం ఉన్న సేవల గురించి ఎవరైనా అడిగితే ఆ నోట్‌బుక్కే నాకు గుర్తొస్తుంది. సేవల పేర్లు ఊరికొకటి, దేశానికొకటి ఉంటాయి. వాటి వెనకున్న పనులు ఎక్కడైనా ఇంచుమించు అవే. ఇంట్లో మనిషికి ఏ పని ఆగిపోయిందో ముందు తెలిస్తే, ఏ సేవ కావాలో తేల్చుకోవడం సులువవుతుంది.

ఏ పని ఆగిపోయింది?

దీన్ని లెక్కగా చూసే పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లోని బెంజమిన్ రోజ్ హాస్పిటల్‌లో సిడ్నీ కాట్జ్ అనే డాక్టర్, ఆయన బృందం తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లను దగ్గరగా గమనించి, 1963లో ఆరు పనుల జాబితా ఇచ్చారు. స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లి రావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తన చేత్తో తాను తినడం. కాట్జ్ బృందానికి ఇందులో ఒక వరుస కనిపించింది. మనిషి తిరిగి కోలుకునేటప్పుడు తినడం ముందు వస్తుంది, స్నానం చివర్లో వస్తుంది. శక్తి తగ్గిపోయేటప్పుడు వరుస తిరగబడుతుంది, మొదట స్నానం కష్టమవుతుంది. అందరిలోనూ అచ్చం ఇదే వరుస ఉంటుందని కాదు. అయినా "ఈ మధ్య నాన్న స్నానం ఎగ్గొడుతున్నారు" అని ఎవరైనా అంటే నేను దాన్ని బద్ధకమని తీసిపారేయను. తడి నేల మీద ఒక కాలెత్తి నిలబడటానికి ఆయన భయపడుతూ ఉండొచ్చు.

1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో జాబితా ఇచ్చారు. ఫోన్ వాడటం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ప్రయాణం, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం. ఇవి కాస్త బుర్ర, కాస్త ఒళ్లు రెండూ కలిస్తేనే జరిగే పనులు. సాధారణంగా కాట్జ్ చెప్పిన ఆరు పనుల కంటే ముందు ఇవే తడబడతాయి. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, ఒకే సరుకు నాలుగోసారి తెచ్చిపెట్టుకోవడం, మాత్రల స్ట్రిప్పులో మంగళవారానివి అలాగే మిగిలిపోవడం. మనిషి పైకి బాగానే కనిపిస్తారు, నవ్వుతూ మాట్లాడతారు. అందుకే ఇంట్లోవాళ్లకు ఇది ఆలస్యంగా తెలుస్తుంది.

రెండో జాబితాలోవి మాత్రమే ఆగితే ఇంటి పనికి, లెక్కలకు, మందులకు సాయం చేసే మనిషి చాలు. మొదటి జాబితాలోవి ఆగితే ఒంటి మీద చెయ్యి వేసి చేయించే మనిషి కావాలి. ఇంజెక్షను, గాయం డ్రెస్సింగు, క్యాథెటరు (మూత్రం కోసం వేసే గొట్టం), తినిపించడానికి ముక్కు గొట్టం లాంటివి ఉంటే శిక్షణ పొందిన నర్సు కావాలి. ఈ మూడూ వేర్వేరు పనులు, చేసే మనుషులు వేరు, ఖర్చూ వేరు. మొదట మేం చేసినట్టు చాలా ఇళ్లలో వీటిని కలిపేసి, అక్కర్లేనిదానికి డబ్బు పెట్టి, కావాల్సినది లేకుండా గడిపేస్తారు.

ఇంటికి వచ్చే సాయం

పెద్దవాళ్లలో చాలామంది ఉన్న ఇంట్లోనే ఉండాలనుకుంటారు. వాళ్ల వస్తువులు, వాళ్ల కిటికీ, చీకట్లోనూ స్విచ్ ఎక్కడుందో తెలిసిన గోడ. ఇంటికి వచ్చే సేవలన్నీ దాన్ని నిలబెట్టడానికే.

మొదటి రకం, ఇంటి పనికి సాయపడే మనిషి. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండో రకం కేర్‌టేకర్, అటెండెంట్, ఆయా అని పిలిచే మనిషి. స్నానం, బట్టలు, టాయిలెట్, తినిపించడం, నడిపించడం వీళ్ల పని. ఇది ఎవరైనా చేసేయగల పని అనుకుంటే పొరపాటు. కూర్చున్న మనిషిని చంకల కింద చేతులు పెట్టి లాగితే వాళ్ల భుజం దెబ్బతింటుంది, లాగినవాళ్ల నడుమూ పట్టేస్తుంది. సరిగ్గా నేర్చుకున్న మనిషి ఏం చేస్తారో మా ఇంట్లో చూశాను. అమ్మను కుర్చీ అంచు దాకా ముందుకు జరగమంది, పాదాలు మోకాళ్లకు కాస్త వెనక్కి పెట్టించింది, "ముక్కు కాలి వేళ్ల మీదకి వచ్చేలా ముందుకు వంగండి" అని చెప్పి, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టింది. అమ్మ దాదాపు తనంతట తనే లేచింది. ఆమె చెయ్యి అమ్మ నడుము పక్కన ఊరికే ఆనుకుని ఉంది, అంతే. ఇది చూశాక కేర్‌టేకర్‌ను పెట్టుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. జీతం మాట్లాడేముందు, మనిషిని మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారుస్తారో ఒకసారి చేసి చూపించమనండి.

ఇంకో సంగతి. అన్నీ తామే చేసిపెట్టే కేర్‌టేకర్ మనకు ముద్దుగా అనిపిస్తారు. కానీ మనిషి తాను చేసుకోగల పనిని ఇంకొకరు చేసేస్తూ ఉంటే, ఆ పని చేసే శక్తి కొన్నాళ్లకు పోతుంది. హుక్కులు పెట్టుకోవడానికి అమ్మకు పది నిమిషాలు పట్టినా పట్టనివ్వాలి. రెండు నిమిషాల్లో అయిపోవాలని మనం చేతులు పెట్టకూడదు.

మూడో రకం, ఇంటికి వచ్చే నర్సు. గాయానికి కట్టు మార్చడం, ఇన్సులిన్, క్యాథెటరు, గొట్టం ద్వారా తినిపించడం, మంచం పట్టినవాళ్లకు పడక పుండ్లు వస్తున్నాయేమో చూడటం. వీటిలో చాలావాటికి రోజంతా నర్సు కూర్చోవాల్సిన పని లేదు. రోజుకో గంటో, వారానికి మూడుసార్లో వచ్చి చేసి వెళ్తే సరిపోయే సందర్భాలే ఎక్కువ. మిగతా సమయానికి కేర్‌టేకర్ ఉంటే చాలు.

నాలుగోది ఫిజియోథెరపిస్ట్, ఆక్యుపేషనల్ థెరపిస్ట్. ఫిజియో కండరాల బలం, నడక, బ్యాలెన్స్ చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ మనిషికీ ఇంటికీ మధ్య ఉన్న తేడాను సరిచేస్తారు. టాయిలెట్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఎంత ఎత్తులో ఉండాలి, మంచం ఎత్తు సరిపోయిందా, ఏ కార్పెట్ తీసేయాలి, రాత్రి దారిలో చిన్న లైటు ఎక్కడ పెట్టాలి. ఈ ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ను పిలిపించుకునేవాళ్లు చాలా తక్కువ. మా ఇంట్లో మంచం నుంచి బాత్రూమ్ దాకా రెండు లైట్లు, కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు, గోడకు ఒక కడ్డీ పెట్టించాక, రాత్రి మూడుసార్లలో రెండుసార్లు అమ్మ వాకర్‌తో తనే వెళ్లొచ్చేది. కేర్‌టేకర్ తలుపు దగ్గర నిలబడేది, అంతే. రాత్రి పక్కన పెట్టుకునే మూత్రం పాత్ర, మంచం పక్కన కమోడ్ కుర్చీ కూడా ఇలాంటివే. వీటికి ఇష్టపడని పెద్దవాళ్లుంటారు, బలవంతం చేయకండి. ఒకసారి వాడి చూడమని అడగండి.

హాస్పిటల్‌కీ ఇంటికీ మధ్య

ఈ ఒక్క దశ గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. జబ్బు తగ్గడం వేరు, మనిషి మామూలు అవ్వడం వేరు. హాస్పిటల్ మొదటిది చేసి పంపిస్తుంది. రెండోది చేసేది రిహాబిలిటేషన్, అంటే పోయిన శక్తిని కసరత్తుతో, సాధనతో తిరిగి తెచ్చుకోవడం.

మంచం మీద ఉండటం ఎంత నష్టమో చెప్పే ఒక అధ్యయనం 2007లో వచ్చింది. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు పది రోజులు మంచం మీదే ఉంటే, కాళ్లలో కండ దాదాపు ఒక కిలో తగ్గిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సంగతే ఇది. జ్వరమో ఆపరేషనో అయిన మనిషి పరిస్థితి ఇంకా కష్టం. "కదలకండి, రెస్ట్ తీసుకోండి" అని ప్రేమతో చెప్పే మాట వాళ్లకు చేటు చేయగలదు. డాక్టర్ ప్రత్యేకంగా వద్దని చెబితే తప్ప, రోజూ కుర్చీలో కూర్చోబెట్టాలి, వీలైనంత నడిపించాలి.

వృద్ధుల వైద్యం అనే శాఖ పుట్టిందే ఈ గమనింపు నుంచి. 1935లో లండన్ శివార్లలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో మార్జరీ వారెన్ అనే డాక్టర్‌కు ఏడు వందలకు పైగా రోగులను అప్పగించారు. ఇక బాగుపడరని ఏళ్ల తరబడి మంచాలకు వదిలేసినవాళ్లు వాళ్లలో చాలామంది. ఆవిడ ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించింది, లేపి కూర్చోబెట్టింది, నడిపించింది, వార్డును మనుషులు తిరగడానికి వీలుగా మార్చింది. చాలామంది లేచి నడిచారు, కొందరు ఇళ్లకూ వెళ్లిపోయారు. "వయసైపోయింది, ఇంతే" అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆవిడే గుర్తొస్తుంది.

కాబట్టి డిశ్చార్జ్ రోజున అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రిహాబ్ కేంద్రంలో కొన్ని వారాలుంటే మేలు జరుగుతుందా, లేక ఇంటికే ఫిజియో వస్తే సరిపోతుందా? ఎన్ని వారాల్లో ఎంత నడవాలని మీ అంచనా? పాత మందుల్లో ఏవి ఆపారు, ఏవి కొత్తగా ఇచ్చారు? చివరి ప్రశ్న మరీ ముఖ్యం. మందుల సంఖ్య అయిదు దాటితే ఒకదానికొకటి పడకపోవడం, కళ్లు తిరగడం, పడిపోవడం పెరిగే ప్రమాదం ఉంటుంది. అన్ని మందులూ ఒక సంచిలో వేసుకెళ్లి ఒక్క డాక్టర్‌కు చూపించి, ఇంకా అవసరం లేనివి ఉన్నాయా అని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి.

హాస్పిటల్లో ఉండగా మనిషి ఒక్కసారిగా అయోమయంగా మాట్లాడితే, పగలూ రాత్రీ తేడా తెలియకపోతే, అది మతిమరుపు మొదలవ్వడమని వెంటనే నిర్ణయించేయకండి. దాన్ని డెలీరియం అంటారు. ఇన్ఫెక్షను, మందులు, నొప్పి, నీళ్లు తక్కువవడం, కళ్లద్దాలో వినికిడి యంత్రమో దగ్గర లేకపోవడం వల్ల కూడా వస్తుంది. కారణం పట్టుకుంటే చాలామందిలో తగ్గుతుంది. ఆ హడావిడిలో శాశ్వతంగా ఏదో ఒక హోంలో చేర్పించే నిర్ణయం తీసుకోవద్దు. కొన్ని వారాలు ఆగండి.

పగటి కేంద్రాలు, చూసుకునేవాళ్లకు విరామం

డే కేర్ అంటే పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చేసే చోటు. కొన్ని కేంద్రాల్లో కబుర్లు, ఆటలు, తేలికపాటి వ్యాయామం, భోజనం మాత్రమే ఉంటాయి. కొన్నింటిలో నర్సు, ఫిజియో, మందులు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంటుంది. పగలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే, రాత్రి మనుషులుంటే ఇది బాగా కుదురుతుంది. మా ఇంటి పరిస్థితి దానికి తిరగబడి ఉంది కాబట్టి మాకు పనికొచ్చేది కాదు. అందరూ మంచిదన్న సేవ మన నోట్‌బుక్‌లోని గంటలకు సరిపోకపోవచ్చు, దానికి బాధపడక్కర్లేదు.

రెస్పైట్ కేర్ అనేది పెద్దవాళ్ల పేరు మీద ఉన్నా, అసలు ఉన్నది చూసుకునే మనిషి కోసం. కొన్ని గంటలో, రెండు వారాలో ఇంకొకరు బాధ్యత తీసుకుంటారు. ఇంటికే వచ్చి చేయొచ్చు, లేదా ఏదైనా హోంలో తాత్కాలికంగా ఉంచుకోవచ్చు. దీన్ని వాడుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు. కన్నవాళ్లను రెండు రోజులు వేరేవాళ్ల దగ్గర వదిలేస్తే తప్పు చేసినట్టు ఉంటుంది. నాకూ అలాగే ఉండేది. రాత్రి మూడుసార్లు లేచే మనిషి వరసగా నాలుగు నెలలు నిద్రపోకపోతే ఏమవుతుందో ఒంటి మీద తెలిసొచ్చాక ఆ సిగ్గు పోయింది. ఒకరోజు అమ్మ మీద గట్టిగా అరిచాను. అరిచాక ఆవిడ మాట్లాడకుండా దుప్పటి సర్దుకుంది. ఆ మర్నాడే రెస్పైట్ కోసం ఫోన్ చేశాను.

చూసుకునేవాళ్ల భారాన్ని కొలిచే ప్రశ్నావళిని స్టీవెన్ జారిట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1980లో తయారుచేశారు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకుంటున్న బంధువుల మీద చేసిన ఆ చిన్న అధ్యయనంలో తేలిన సంగతి నన్ను ఆలోచింపజేసింది. భారం ఎంతుందన్నది రోగి ప్రవర్తన ఎంత కష్టంగా ఉందన్నదాన్ని బట్టి మారలేదు. మిగతా కుటుంబసభ్యులు ఎంత తరచుగా వచ్చి చూసి వెళ్తున్నారన్నదాన్ని బట్టి మారింది. దూరంగా ఉండే అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదువుతుంటే, డబ్బు పంపడంతో ఆగకండి. వచ్చి రెండు రోజులుండి, ఆ రెండు రాత్రులూ మీరే లేవండి.

"వృద్ధాశ్రమం" అన్న ఒక్క మాట

మన మాటల్లో ఇబ్బంది ఏమిటంటే, ఇల్లు వదిలి వెళ్లే ఏ చోటునైనా వృద్ధాశ్రమం అనేస్తాం. ఆ మాట వినగానే దిక్కులేనివాళ్లను వదిలేసే చోటు కళ్ల ముందుకొస్తుంది. నిజానికి ఆ ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు చోట్లున్నాయి.

ఒకటి, సీనియర్ లివింగ్. తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు సొంత ఫ్లాట్‌లో ఉంటారు. లిఫ్ట్, ర్యాంపులు, ఎమర్జెన్సీ బెల్, పక్కన తోటివాళ్లు. ఇక్కడ సంరక్షణ దాదాపు ఉండదు, ఉంటే విడిగా మాట్లాడుకోవాలి. చేరేటప్పుడు ఇది గమనించక, రెండేళ్ల తర్వాత స్నానానికి సాయం కావాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది పడేవాళ్లున్నారు.

రెండోది అసిస్టెడ్ లివింగ్. సొంత గది ఉంటుంది, కాట్జ్ జాబితాలోని ఒకటి రెండు పనులకు, మందులకు సాయం చేసే సిబ్బంది ఉంటారు. మూడోది నర్సింగ్ కేర్ ఉన్న హోం. మంచం పట్టినవాళ్లకు, గొట్టాలు, గాయాలు ఉన్నవాళ్లకు, ఎప్పుడూ నర్సు దగ్గర్లో ఉండాల్సినవాళ్లకు. మొదటి రకంలో ఉండాల్సినవాళ్లను మూడో రకంలో పెడితే మనసు కుంగిపోతుంది. మూడో రకంలో ఉండాల్సినవాళ్లను మొదటి రకంలో పెడితే ప్రాణాల మీదకి వస్తుంది.

చూడటానికి వెళ్తే రిసెప్షన్‌లో కూర్చోబెట్టి చూపించే ఫొటోల ఆల్బమ్ పక్కన పెట్టండి. సాయంత్రం ఏడింటికి, ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి, సిబ్బంది తక్కువగా ఉండే టైంలో. బెల్ నొక్కితే ఎంతసేపటికి వస్తున్నారో గడియారంలో చూడండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది, వాళ్లు ఎంతమందిని చూసుకోవాలి అని అడగండి. మధ్యాహ్నం కూడా అందరూ రాత్రి బట్టలతోనే ఉన్నారేమో చూడండి. పక్కన నీళ్ల గ్లాసు చేతికందేంత దగ్గరలో ఉందా? సిబ్బంది మనిషి మోకాళ్ల మీద వంగి, కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారా, లేక తల మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా? పరిస్థితి ముదిరితే ఇక్కడే ఉంచుకుంటారా, వేరే చోటికి వెళ్లమంటారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయించుకోండి.

మతిమరుపు ఉన్నప్పుడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉంది. వీళ్ల విషయంలో పైన చెప్పిన లెక్క ఒక చోట తప్పుతుంది. జబ్బు బాగా ముదరనంత వరకు వాళ్లలో చాలామంది నడవగలరు, తినగలరు, బట్టలు వేసుకోగలరు. ఒంటి మీద చెయ్యి వేయాల్సిన పని తక్కువ. కానీ స్టవ్ వెలిగించి మర్చిపోతారు, తలుపు తీసుకుని వెళ్లిపోతారు, సాయంత్రమయ్యేసరికి కంగారు పెరుగుతుంది. వాళ్లకు కావాల్సింది పక్కన కనిపెట్టుకుని ఉండే మనిషి.

జర్మనీలో 1995 నుంచి దీర్ఘకాల సంరక్షణకు తప్పనిసరి బీమా ఉంది. మొదట్లో శరీరానికి ఎంత సాయం కావాలన్నదాన్నే ఎక్కువగా లెక్కవేసి మూడు స్థాయిలుగా విభజించేవాళ్లు. నడవగలిగే డిమెన్షియా రోగులు ఆ లెక్కలో చాలావరకు వెనకబడిపోయేవాళ్లు. 2017లో దాన్ని అయిదు స్థాయిలుగా మార్చి, మతిమరుపు వల్ల వచ్చే అవసరాలనూ సమానంగా లెక్కలోకి తెచ్చారు. ఒక దేశానికే రెండు దశాబ్దాలు పట్టిందంటే, మన ఇంట్లో "అన్నీ బాగానే చేసుకుంటోంది కదా" అని మనం పొరబడటంలో వింత లేదు.

మెమరీ కేర్ అనే ప్రత్యేక విభాగాల్లో సిబ్బందికి దీని శిక్షణ ఉంటుంది, దారి తప్పకుండా కట్టడమూ దీనికి తగ్గట్టే ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని వీస్ప్‌లో 2009లో మొదలైన హోగెవేక్ ఇంకాస్త ముందుకెళ్లింది. అది ఒక చిన్న ఊరిలా ఉంటుంది. వీధులు, తోటలు, దుకాణం, థియేటర్, అరడజను మంది కలిసి ఉండే ఇళ్లు. లోపల వాళ్లు స్వేచ్ఛగా తిరుగుతారు, ఊరి హద్దు మాత్రం భద్రంగా ఉంటుంది. అందరికీ అలాంటిది దొరకదు, నిజమే. కానీ దాని వెనకున్న ఆలోచనను ఏ హోంలోనైనా అడగొచ్చు: మనిషి తిరగాలనుకున్నప్పుడు మీరేం చేస్తారు? మంచానికో కుర్చీకో కట్టేస్తాం అని గానీ, నిద్రమాత్ర ఇస్తాం అని గానీ జవాబొస్తే అక్కడి నుంచి వచ్చేయండి.

పాలియేటివ్, హాస్పైస్

ఈ రెండు మాటలకు జనం భయపడినంత ఇంకే మాటకూ భయపడరు. పాలియేటివ్ కేర్ అంటే తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లకు నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం తగ్గించే వైద్యం. జబ్బుకు మందులు నడుస్తుండగానే ఇదీ నడవొచ్చు. 2010లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన రోగుల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ కూడా అందినవాళ్లు మెరుగ్గా గడిపారు. వాళ్ల ఆయుర్దాయం కూడా మధ్యస్థంగా 11.6 నెలలు ఉంది, మిగతావాళ్లకు 8.9. ఒక జబ్బు మీద వచ్చిన ఫలితం అది, అన్నిటికీ అంటగట్టకూడదు. కానీ "పాలియేటివ్ అంటే చేతులెత్తేయడం" అనే మాటకు ఇది గట్టి జవాబు.

హాస్పైస్ ఇందులో ఒక భాగం. జబ్బును నయం చేసే ప్రయత్నం ఆపి, మిగిలిన కాలాన్ని నొప్పి లేకుండా, ఇష్టమైనవాళ్ల మధ్య గడిపించడం. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్‌లో, ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు అంచనా వేస్తేనే ఇది వర్తిస్తుంది. ఆధునిక హాస్పైస్‌కు దారి వేసిన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్ తెరిచింది. చివరి రోజుల నొప్పి ఒంటిది మాత్రమే కాదని, మనసుదీ, బంధాలదీ, నమ్మకాలదీ కలిసి ఉంటుందని ఆవిడ చెప్పింది. హాస్పైస్ అంటే ఒక భవనమే అవ్వాలని లేదు. చాలాచోట్ల ఆ బృందం ఇంటికే వస్తుంది. మరీ ఆఖరి రోజుల్లో పిలిచే కుటుంబాలు ఉంటాయి. ముందే పిలిస్తే మాట్లాడుకోవడానికి టైం ఉంటుంది.

డబ్బు, అమ్మ మాట

డబ్బు దగ్గర ఒక అపోహ బాగా దెబ్బకొడుతుంది. ఆరోగ్య బీమా సాధారణంగా వైద్యానికి ఇస్తుంది, రోజూ స్నానం చేయించే మనిషికి ఇవ్వదు. మెడికేర్ కూడా అంతే, నర్సింగ్ కేంద్రంలో కోలుకోవడానికి పరిమిత రోజులే ఇస్తుంది, ఏళ్ల తరబడి సంరక్షణకు ఇవ్వదు. జపాన్‌లో 2000 నుంచి విడిగా సంరక్షణ బీమా ఉంది. అక్కడ ముందు మనిషి అవసరాన్ని ఏడు స్థాయిల్లో కొలుస్తారు, సేవలు ఆ తర్వాత ఖాయమవుతాయి. మీరున్న చోట ఏది వర్తిస్తుందో పాలసీ కాగితంలోనే చూసుకోండి, ఏజెంటు నోటిమాట మీద ఉండకండి.

ఇంత చెప్పాక, నేను చాలా ఆలస్యంగా చేసిన పని ఒకటి చెప్పాలి. నోట్‌బుక్ ఏడు రోజులూ మేమే రాశాం. ఎనిమిదో రోజు అమ్మ చేతికిచ్చి, నువ్వు రాయి అన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు మా రాతలు చదివింది. అడుగున వంకర అక్షరాలతో రెండు లైన్లు రాసింది. స్నానానికి మనిషి ఉండనీ, తలుపు మాత్రం వేసుకోనివ్వండి. సాయంత్రం అయిదింటికి కాసేపు ఎవరైనా బయటికి తీసుకెళ్లండి.

ఆ రెండూ మా ఏడు పేజీల్లో లేవు. సాయంత్రాల కోసం కేర్‌టేకర్ టైం ఒక గంట జరిపాం, బాత్రూమ్ తలుపుకు బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాం. మూడు నెలలకోసారి మళ్లీ ఏడు రోజులు రాస్తున్నాం. పోయినసారి 8:20 దగ్గర ఏమీ లేదు, హుక్కులు తనే పెట్టుకుంటోంది. 9:00 దగ్గర మాత్రం మాత్రల తప్పులు నాలుగు రోజులు కనిపించాయి. వచ్చే వారం డాక్టర్‌కు ఆ పేజీ చూపించాలి.